మంత్రిగారూ, మంట పెట్టనివ్వని గదిలో కంసాలి పని నేర్పేదెట్లా?

చేతివృత్తుల వాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం కింద మా స్వర్ణకారులకు శిక్షణ ఇప్పిస్తున్న గౌరవ మంత్రిగారికి, ప్రొద్దుటూరు నుంచి ఒక స్వర్ణకారుడు నమస్కరించి రాయునది.

అయ్యా,

ఇంతకుముందు మేం పెట్టుకున్న అర్జీలు మీ దాకా వచ్చాయో లేదో తెలీదు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం, పోర్టల్‌లో పెట్టాం, పై ఆఫీసర్లు ఊరికొచ్చినప్పుడు దండ వేసి మరీ చేతిలో పెట్టాం. దండ పట్టుకెళ్లారు. కాగితం మాత్రం టేబుల్ మీదే ఉందని టీ గ్లాసులు తీసే పిల్లోడు తెచ్చి మాకే ఇచ్చాడు. అందుకని ఈసారి నలుగురూ చదివే చోట రాస్తున్నా. ఎక్కడైనా మాట తూలితే పెద్దమనసుతో మన్నించండి.

పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది. అది మంచిదనే మేమూ అన్నాం. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు, మొదలుపెట్టినప్పుడు మా బజార్లో స్వీట్లు పంచుకున్నాం. 18 వృత్తుల్లో మా వృత్తి కూడా ఉందంటే సంబరపడ్డాం. 1963లో 14 క్యారెట్లు మించి నగ చేయకూడదని ఢిల్లీ వాళ్లు ఆర్డరేస్తే కుంపట్లు ఆరిపోయి, ఎంతమంది కంసాలులు ప్రాణాలు తీసుకున్నారో మా పెద్దల నోటి వెంట విన్నవాళ్లం. బంగారం మీద ఆ కట్టడి పూర్తిగా పోవడానికి 1990 దాకా పట్టింది. అలాంటి ఢిల్లీ నుంచి మాకు పని నేర్పిస్తాం, పైగా నేర్చుకున్నందుకు రోజుకు 500 ఇస్తాం అని కబురొస్తే నమ్మబుద్ధి కాలేదు. నమ్మకుండా ఉండాల్సిందేమో.

శిక్షణ ఎక్కడ పెట్టారంటే, ఊరి బయట ఒక బిల్డింగులో పై అంతస్తులో. లోపలికి పోగానే గోడ మీద బోర్డు: ఇక్కడ మంట వెలిగించరాదు. ఫైర్ సేఫ్టీ రూలట. గ్యాస్ సిలిండర్ పైకి తేకూడదు, బొగ్గులు తేకూడదు, చివరికి బ్లో లాంప్ కూడా తేకూడదు. అయ్యా, మాది బంగారం పని. బంగారం కరగాలన్నా, తీగె మెత్తబడాలన్నా, అతుకు పడాలన్నా మంటే కావాలి. ఆ రూలు తప్పని నేననను, బిల్డింగు కాలిపోతే ఎవరిది పూచీ. కానీ ఆ బిల్డింగుని స్వర్ణకారుల శిక్షణకి ఖాయం చేసిన ఆఫీసరెవరో ఒక్కసారి ఆయన్ని చూడాలని మాత్రం ఉంది.

మరి మంట లేకుండా ఏం నేర్పారు? ప్రొజెక్టర్ పెట్టి బొమ్మలు చూపించారు. పటకారు బొమ్మ, దాని పక్కన పటకారు అని పేరు. సుత్తి బొమ్మ, దాని పక్కన సుత్తి అని పేరు. చిన్నప్పట్నించీ వాటితోనే బతుకుతున్న వాళ్లం, నోట్ బుక్కుల్లో రాసుకున్నాం. పొద్దున వేలిముద్ర, సాయంత్రం వేలిముద్ర. మధ్యలో ఒకసారి బ్యానర్ ముందు నిలబెట్టి ఫొటో. ఫొటో కోసం మాత్రం చేతులకి పనిముట్లు ఇచ్చారు, తీయగానే వెనక్కి తీసుకుని బాక్సులో పెట్టి తాళం వేశారు. పెళ్లి భోజనాల వీడియో చూపించి, తిన్నారు కదా, సంతకం పెట్టండి అన్నట్టుంది.

ఒక్క అతుకు పని గురించి చెప్తా, ఓపిగ్గా వినండి. జుంకీకి అడుగున గుండ్లు అతకాలి. ఆవగింజంత గుండుని శ్రావణంతో, అంటే చిన్న పటకారుతో, ఎత్తి, వెలిగారం నీళ్లు అద్ది, దాని చోట్లో కూర్చోబెట్టి, పక్కన చిటికెడు టంకం, అంటే కరిగి అతుకు పట్టే లోహం, పెడతాం. ఊదుగొట్టంతో మంటని వంచి దూరం నుంచి వేడి తగలనిస్తాం. వెలిగారం ముందు తెల్లగా ఉబ్బుతుంది. అప్పుడే గుండు కదిలిపోతుంది, మళ్లీ సర్దుకోవాలి. ఇంకాస్త వేడెక్కితే వెలిగారం అణిగి కరుగుతుంది, బంగారం కొద్దిగా ఎరుపెక్కుతుంది. ఆ వెంటనే టంకం ఒక్కసారి తళుక్కుమని సందులోకి పారుతుంది. ఆ తళుకు కనపడగానే మంట తీసేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే గుండే కరిగి ముద్దయిపోతుంది. నష్టం కస్టమర్‌ది కాదు, మాది. దీన్ని పక్కన కూర్చుని మా మామయ్య నేర్పించాడు, చేతి మీద ఒకట్రెండు దెబ్బలతో సహా. తెర మీద బాణం గుర్తులు పెట్టి ఎట్లా నేర్పుతారో నాకు అంతుబట్టలేదు.

నేర్పడానికి వచ్చిన అబ్బాయిని నేను తప్పుపట్టను. బుద్ధిమంతుడు, కంప్యూటర్ బాగా తెలుసు. రెండోరోజు మధ్యాహ్నం నా పక్కకొచ్చి, అంకుల్, ఈ స్లైడ్‌లో ఉన్నది నిజంగా ఇట్లాగే చేస్తారా అని అడిగాడు. చేయం నాయనా అన్నా. మరి మార్చనా అన్నాడు. స్లైడ్లు పైనుంచి వస్తాయట, మార్చే అధికారం అతనికి లేదట. ఇద్దరం కూర్చుని టీ తాగాం.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. నగిషీ పనిలో ఆయన చేతికి సాటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు. బంగారు రేకుని లక్క మీద పరిచి, వెనక నుంచి ఉలితో తట్టి, లక్ష్మీదేవిని పైకి తేల్చుతాడు. పద్మంలో రేకులు లెక్కపెట్టుకోవచ్చు. ఆయన చేత నేర్పించండి, ఏమీ ఇవ్వకపోయినా వస్తాడు అని మేమే చెప్పాం. ట్రైనర్‌గా పనికిరాడు, ఆయనకి సర్టిఫికెట్ లేదన్నారు. సరే అని ఊరుకున్నాం. తర్వాత అదే పెద్దాయన్ని మా బెంచీ మీద ట్రైనీగా కూర్చోబెట్టి, చివరి రోజు ఆయనకి పని వచ్చునని సర్టిఫికెట్ ఇచ్చారు! ఇప్పుడు సర్టిఫికెట్ ఉంది కదా, ట్రైనర్‌గా పెట్టుకోండి అంటే, అది ఈ సర్టిఫికెట్ కాదట, వేరేదట.

పాత పని మీకు వచ్చు, కొత్తది నేర్పుతున్నాం అని మీ వాళ్లు అనొచ్చు. అంతకంటే కావాల్సిందేముంది? మాకు కావాల్సింది కొత్తదే. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. 22 క్యారెట్ల నగ అంటే నూటికి 91.6 పాళ్లు బంగారం ఉండాల్సిందే. అతుకుల్లో టంకం ఎక్కువ పడితే ఆ లెక్క తప్పుతుంది, నగ ఫెయిలవుతుంది, మజూరీ ఎగిరిపోతుంది. ఒకప్పుడు కేడీఎం అని కాడ్మియం కలిపిన టంకం వాడేవాళ్లం. అతుకు సులువుగా పడేది. దాని పొగ ఊపిరితిత్తులకు విషమని వద్దన్నారు, మంచి పనే. ఆ పొగ పీల్చిన వాళ్ల దగ్గు మా ఇళ్లలో విన్నాం. మరి దాని బదులు జింకు, ఇండియం కలిపి టంకం చేసుకోవాలంటే ఏది ఎంత పాలు, ఎంత వేడి? లేజర్ మిషన్ అయితే టంకం లేకుండానే అతుకుతుందట కదా, దాని మీద చెయ్యి పెట్టి చూసేదెక్కడ? కంప్యూటర్‌లో క్యాడ్‌తో డిజైన్ గీసి, మైనం అచ్చు తీసి, పోత పోసే పని ఎట్లా? ఇవి నేర్పే మనిషి వస్తే నేను రోజుకు 500 ఎదురిచ్చి నేర్చుకుంటా. మాకు లేజర్ మిషన్‌ని ఫొటోలో చూపించారు. ఫొటో కూడా మసగ్గా ఉంది.

ఈలోపల కోయంబత్తూరు నుంచి, త్రిశూరు నుంచి, రాజ్‌కోట్ నుంచి తయారైన నగలు డబ్బాల్లో దిగుతున్నాయి. బంగారానికి పేరుపడ్డ ఊళ్లో కూర్చుని మేం తెగిన గొలుసులు అతుక్కుంటున్నాం, ముక్కుపుడకలకి మరలు బిగించుకుంటున్నాం. దొంగ బంగారం కొన్నారని పాత 411 సెక్షన్ పేరు చెప్పి పోలీసులు మా గడప తొక్కే సంగతి వేరే ఉంది. అది మీ శాఖ కాదు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నా.

పథకం కింద ఇచ్చిన పనిముట్ల పెట్టె గురించి రెండు మాటలు. 15 వేల విలువన్నారు. ఆకురాయి నాలుగుసార్లు రుద్దితే నున్నగా అరిగిపోయింది. కమ్మచ్చులో బెజ్జాలు ఒకే తీరుగా లేవు, తీగె లాగితే గీతలు పడుతోంది. ఆ పెట్టె ఇప్పుడు మా ఇంట్లో బియ్యం డబ్బా కింద ఎత్తుగా పనికొస్తోంది. స్టైపెండ్ మాకందరికీ ఇంకా పడలేదు. అడిగితే ఆధార్ లింకు అంటారు, బ్యాంకుకి పోతే లింకు ఉందంటారు. దీని మీద పెట్టిన ఫిర్యాదుకి మెసేజ్ అయితే వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఎక్కడ పరిష్కరించబడిందో మీరైనా కనుక్కుని చెప్పగలరు.

ఇదే పథకంలో ఇచ్చే లోను సంగతి. మొదటి విడత లక్ష. ఇవాళ్టి రేటుకి లక్షతో తులం బంగారం రాదు. అప్పు ఇచ్చేవాళ్లకి ఆ మాట తెలుసో తెలీదో. రెండో విడత 2 లక్షలు కావాలంటే ఫోన్‌లో చెల్లింపులైనా చేసుండాలి, లేదా అడ్వాన్స్డ్ శిక్షణైనా పూర్తిచేసి ఉండాలి. ఆ 15 రోజుల శిక్షణ ఎప్పుడని అడిగితే బ్యాచ్ నిండాలంటారు. మొదటి శిక్షణ చూసిన వాళ్లు మళ్లీ పనులు మానుకుని ఎందుకొస్తారయ్యా? ఎట్లా నిండుతుంది?

మా అమ్మాయి డిగ్రీ చదివింది. క్యాడ్ నేర్చుకుని నగల డిజైన్లు గీస్తానంటుంది. మా ఇళ్లలో ఆడపిల్ల ఈ పని అడగడమే గొప్ప, నేను కాదనలేదు. కుటుంబానికి ఒక్కరికే అని రూలు. నా పేరుంది కాబట్టి పెళ్లయ్యేదాకా దాని పేరు ఎక్కదు. నాకు ఇచ్చిన ఆ సర్టిఫికెట్ తీసేసుకుని దానికి సీటివ్వండి అని రాసిచ్చా. అట్లా మార్చే ఆప్షన్ లేదట.

అయ్యా, మేం పెద్ద బిల్డింగు అడగడం లేదు. ఏసీ అక్కర్లేదు, మధ్యాహ్నం భోజనం ప్యాకెట్టూ అక్కర్లేదు. మంట పెట్టుకోనిచ్చే ఒక రేకుల షెడ్డు చాలు, లేకపోతే మా అంగళ్లలోనే పెట్టండి. పని తెలిసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టండి, ఆయన ఎంత చదివాడో అడక్కండి. బంగారం ఇవ్వమనడం లేదు, రాగి తీగె మీదో వెండి మీదో నేర్చుకుంటాం. నిజమైన లేజర్ మిషన్ ఒకటి, కరెంటుతో సహా. కొత్త టంకం కలపడం చూపించే వాళ్లు ఒకరు. రాగి తీగె మాట ముందే చెప్పాను, మళ్లీ చెప్తున్నా, అది కిలో వెయ్యి రూపాయల పైచిలుకు, అంతకంటే ఎక్కువ ఖర్చు మా ఫొటో వెనకాల కట్టిన బ్యానర్‌కే అయ్యుంటుంది. స్టైపెండ్ పడాల్సిన వాళ్లకి పడేట్టు చూడండి. మా పెద్దాయన్ని నేర్పనివ్వండి, ఆయనకి చూపు తగ్గుతోంది, మీ ఫైలు కదిలేదాకా ఆగలేడు.

అడ్వాన్స్డ్ బ్యాచ్‌కి కూడా అదే పై అంతస్తు ఖాయం చేస్తున్నారని విన్నాం. నిజమైతే దయచేసి మమ్మల్ని పిలవొద్దు. వేలిముద్రలు వేయడానికి మా చేతులు ఖాళీగా లేవు.

ఇట్లు,
మీ శిక్షణలో ఉత్తీర్ణుడైన ఒక స్వర్ణకారుడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.