సినిమా మాస్టారు పేపర్లు దిద్దడు

సంపాదకునికి నమస్కారం.

మొన్న ఆదివారం టీవీలో హైస్కూల్ మాస్టారి మీద తీసిన ఓ హాస్య చిత్రం ఇంటిల్లిపాదీ చూశాం. నవ్వు రాలేదంటే అబద్ధమే. హెడ్మాస్టరు చెప్పుల చప్పుడుకి స్టాఫ్‌రూములో పకోడీల పొట్లం గబుక్కున సొరుగులోకి వెళ్లే సీనుకు మా ఆవిడ తెర వంక కాదు, నా వంక చూసి నవ్వింది.

కానీ రెండున్నర గంటల్లో ఆ మాస్టారు ఒక్క పేపరూ దిద్దలేదు! తెలుగు మాస్టారంటే గ్రాంథికం మాట్లాడే వెర్రిబాగులవాడు, ఇంకెన్నాళ్లీ అచ్చు? బడి సంగతులు తెలిసినవాళ్లు సినిమాల్లో లేక కాదు. ఎం.ఎస్. నారాయణగారు నటుడు కాకముందు భీమవరంలో లెక్చరరే.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖ హాజరు యాప్ వచ్చిన కొత్తలో, తొమ్మిదిలోపు ఫోనులో ముఖం చూపి హాజరు వేసుకోవడానికి సిగ్నల్ దొరక్క మా లెక్కల మాస్టారు వేపచెట్టు అరుగెక్కి ఫోను పైకెత్తి నిలబడేవారు. ఆయనకెంత టెన్షనో! కింద పిల్లలు "ఇంకొంచెం ఎడమకి సార్" అని దారి చూపేవారు. అలాంటిది తీయొచ్చుగా? పెద్ద ఖర్చు కూడా ఉండదు, వేపచెట్టు ప్రతి బళ్లోనూ ఉంది.

- ఓ విశ్రాంత తెలుగు పండితుడు, తెనాలి