గంప దించడానికి ఒక చెయ్యి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇటీవల మీ పత్రికలో ఒక పాఠకుడి లేఖ చదివాను. ఏఐ వాడేవాళ్లు బుర్రను తాకట్టు పెట్టుకుంటున్నారని, ఇంకో పదేళ్లు పోతే మన పిల్లలకు ఎక్కాలు కూడా నోటికి రావని ఆయన బాధ. పిల్లల విషయంలో ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. మూడో తరగతికి పాఠం చెప్పేదాన్ని, ఎక్కాల సంగతి నాకు తెలుసు. కానీ లేఖ మడిచి పక్కన పెట్టాక ఒక సందేహం మిగిలింది. ఆయన ఇంట్లో గ్యాసు బండ ఎన్ని రోజులు వస్తుందో, ఈ నెలలో పాలు ఎన్ని రోజులు వద్దన్నారో గుర్తుపెట్టుకునేది ఎవరు?

నాకు 46 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక పల్లె బడిలో సెకండరీ గ్రేడ్ టీచర్ని. 2002లో ఉద్యోగంలో చేరాను. మా వారిది విత్తనాల వ్యాపారం, నెలలో సగం రోజులు ఊళ్ల మీదే ఉంటారు. అత్తగారికి 78 ఏళ్లు, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. అమ్మాయి ఇంజనీరింగ్ హాస్టల్లో, అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నారు. ఇవన్నీ చాలవన్నట్టు 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉండి, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) లేని మాలాంటి పాత ఉపాధ్యాయులు రెండేళ్లలోగా ఆ పరీక్ష ప్యాసు కావాలట. తీర్పు మంచిచెడ్డల జోలికి నేను పోను, సంఘాలు ఆ పనిలోనే ఉన్నాయి. 23 ఏళ్లు పరీక్షలు పెట్టిన చేత్తో మళ్లీ పరీక్ష రాయాలి, నాకు అర్థమైనది అంతే. 150 ప్రశ్నలు, అయిదు విభాగాలు, ఒక్కో దానికి 30 మార్కులు. నాకు 90 రావాలి.

అక్టోబరులో ఒక రాత్రి శిశు వికాసం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. స్మృతి పాఠం. మనిషి తాత్కాలిక స్మృతిలో ఒక్కసారికి ఏడు అంశాలు, రెండు అటూ ఇటూగా నిలుస్తాయని జార్జ్ మిల్లర్ 1956లో చెప్పాడు. ఆ ఒక్క పేరా నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ జారిపోయింది. అయిదోసారి మొదలుపెట్టేసరికి అత్తగారి షుగరు మాత్రలు అయిపోయాయని గుర్తొచ్చింది. అప్పటికి తొమ్మిదిన్నర. చెప్పులేసుకుని మందుల షాపుకు పరుగెత్తి, మూసేలోపు తెచ్చాను. తిరిగి వచ్చి పుస్తకం తెరిస్తే బడిలో ఆ రోజు మధ్యాహ్న భోజనం గుడ్లు, చిక్కీల లెక్క ఫోనులో ఎక్కించలేదన్న సంగతి తట్టింది. అది ముగిసేసరికి ఇడ్లీ పప్పు నానబోయలేదు. ఏడు అంశాలట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ పక్క పేజీలోనే బ్లూమా జైగార్నిక్ అనే ఆవిడ గురించి ఉంది. 1927లో ఆవిడ ప్రచురించిన పరిశోధన ప్రకారం పూర్తయిన పనికంటే సగంలో ఆగిన పని మనసును ఎక్కువగా పట్టుకుని ఉంటుంది. హోటల్లో సర్వర్లకు డబ్బు చెల్లించని ఆర్డరు గుర్తుంటుంది, బిల్లు కట్టగానే మరచిపోతారన్న ముచ్చట నుంచి ఆ ఆలోచన పుట్టిందంటారు. మార్కుల కోసం చదువుతున్నదాన్ని, చదువుతూ చదువుతూ నా కథ నేనే చదువుకుంటున్నట్టు అనిపించింది.

ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసింది. నా గొంతు విని, "అమ్మా, బుర్రలో ఉన్నదంతా ఒకసారి ఏఐకి చెప్పేయి, వరుసలో పెట్టమను" అంది. దాని మాట తీసేయలేక వంటింటి గట్టు మీద ఫోను ఆనించి, గిన్నెలు సర్దుతూ తెలుగులోనే మాట్లాడాను. పదకొండు నిమిషాలు. మాత్రలు, గ్యాసు, అబ్బాయి ప్రాక్టికల్స్ రికార్డు, ఆడపడుచు కూతురి నిశ్చితార్థానికి చీర, తలుపు కిర్రుమంటోంది, వైజాగ్ టిక్కెట్లు, మామగారి తద్దినం, ఎల్‌ఐసీ ప్రీమియం, మూడో తరగతిలో ఒక బాబుకు ఒత్తులు రావడం లేదు, ఆరో తేదీన చీటీ కట్టాలి. ఆ చివరి మాటను ఫోను "ఆరో తేదీన చీర కట్టాలి" అని రాసుకుంది. చాలా రోజుల తర్వాత వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను.

లెక్క తేలితే 43 పనులు. రేపు కావలసినవి, ఈ వారంలోవి, తేదీ లేకపోయినా తల తినేవి అని మూడు వరుసలు చేసింది. అది పెద్ద విద్యేమీ కాదు, కాగితం మీద నేనూ చేయగలను. ఒకప్పుడు డైరీ కూడా పెట్టాను. నాలుగు రోజులు రాసి, అయిదో రోజు రాయక, ఆరో రోజు నుంచి ఆ డైరీని చూస్తేనే దోషిలా అనిపించి బీరువా మీద పడేశాను. ఇక్కడ తేడా ఏమిటంటే చేతులు గిన్నెల్లో ఉండగా నోటితో చెప్పవచ్చు, అడ్డదిడ్డంగా చెప్పవచ్చు, సర్దే ఓపిక నాకు అక్కర్లేదు. వరుసలు చేశాక అది ఒక ప్రశ్న వేసింది: "వీటిలో మీరు మాత్రమే చేయగలిగినవి ఏవి?"

గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని కూర్చుని లెక్క పెట్టాను. పదమూడు.

మిగిలిన 30 ఎవరైనా చేయవచ్చు. అయినా ఇన్నేళ్లుగా అవి నా నెత్తి మీదే ఎందుకున్నాయి? అమ్ముకునే ఆడవాళ్లు గంప తామే ఎత్తుకు తిరుగుతారు కానీ దించాలంటే వాకిట్లో నిలబడి "అమ్మా, కాస్త చెయ్యి వెయ్యండి" అని అడుగుతారు. నేను అడిగిన పాపాన పోలేదు. గంపలో ఏముందో నాకే తెలియకపోతే ఎవరిని ఏమని అడుగుతాను?

ఆ ఆదివారం భోజనాల దగ్గర ఆ జాబితా మొత్తం చదివాను. పోట్లాటకు కాదు, నిజంగానే చదివి వినిపించాను. ఇరవయ్యో పని దగ్గర మా వారు కలిపిన ముద్ద పట్టుకుని ఆగిపోయారు. "ఇవన్నీ నీ బుర్రలోనే తిరుగుతుంటాయా?" అన్నారు. గ్యాసు, కరెంటు బిల్లు, వాళ్ల అమ్మగారి మందులు ఆయన తీసుకున్నారు. ఊళ్లో లేనప్పుడు కూడా మందులు ఫోనులోనే తెప్పిస్తున్నారు. తలుపు కిర్రు అబ్బాయికి వెళ్లింది (ఇప్పటికీ కిర్రుమంటూనే ఉంది). అత్తగారు మజ్జిగ తాగి, "నోరున్న మనిషి పాతికేళ్లు చేస్తే కనబడలేదు, నోరు లేని యంత్రం చదివితే కనబడిందా నాయనా?" అన్నారు కొడుకుతో. యంత్రం మీద నాకున్న కాస్త గౌరవమూ ఆ మాటతో సరైన చోటికి వచ్చింది.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. మీ పత్రికలాంటివి ఆ అంకెల మీద వ్యాసాలు వేశాయి, సంతోషం. కానీ ఆ నిమిషాలు చేతులు కదిలినవి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని "పెరుగు తోడుకు పాలున్నాయా" అనుకునే నిమిషాన్ని ఏ గడిలో రాస్తారు? బయటికి ఆవిడ ప్రయాణం చేస్తున్నట్టే కదా కనిపిస్తుంది.

ఇక పరీక్ష సంగతి. చదువుకు ప్రణాళిక ఏఐని అడిగితే మొదట రోజుకు నాలుగు గంటలు, ఆదివారం విశ్రాంతి అని రాసిచ్చింది. ఆదివారం విశ్రాంతి! అది ఏ దేశపు ఇల్లాలి కోసం రాసిందో. నాకున్నది తెల్లవారుజామున 40 నిమిషాలు, బస్సులో 20 నిమిషాలు, అంతకుమించి లేదని నిక్కచ్చిగా చెప్పాను. మాదిరి పరీక్షలో వచ్చిన మార్కులు ఇచ్చాను: శిశు వికాసం 11, తెలుగు 25, ఇంగ్లీషు 12, గణితం 19, పరిసరాల విజ్ఞానం 12. మొత్తం 79. రోజూ ఏం చదువుతున్నానో కూడా చెప్పాను. "మీ సమయంలో సగం పైగా తెలుగుకే వెళుతోంది, అక్కడ పెరగడానికి అయిదు మార్కులే మిగిలాయి" అని తేల్చింది. నిజమే. అలసిపోయి కూర్చున్నప్పుడు వచ్చిన పద్యమే చదువుకుంటే హాయిగా ఉంటుంది, చదివినట్టూ ఉంటుంది. మూడు నెలలు ఇంగ్లీషు, శిశు వికాసం పట్టుకున్నాను. జనవరి చివర్లో మాదిరి పరీక్షలో 96 వచ్చాయి. అసలు పరీక్ష ఇంకా రాయలేదు కనుక సంబరం అప్పుడే వద్దు.

మొదట్లో చెప్పిన లేఖ రాసిన పెద్దాయన దగ్గరకు మళ్లీ వస్తాను. ఆయన భయంలో ఒక పాలు నిజం ఉంది, దాన్ని నేను నా కళ్లతో చూశాను. ఒకరోజు బస్సులో ఛందస్సు మీద పది ప్రశ్నలు ఏఐని అడిగితే, ఉత్పలమాలకు యతి పదకొండో అక్షరమని జవాబు ఇచ్చింది. గణాలు భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం అని నాకు పదో తరగతి నుంచి నిద్రలో లేపినా వస్తుంది. పదకొండో అక్షరం చంపకమాలది. తెలిసిన చోట పట్టుకున్నాను, మరి తెలియని శిశు వికాసంలో ఎన్ని తప్పులు మింగి ఉంటాను? ఆ రోజు నుంచి ప్రశ్న దాని దగ్గర తీసుకుంటున్నాను, జవాబు పాఠ్యపుస్తకంలో వెతుక్కుంటున్నాను. వెతుక్కున్నదే గుర్తుంటోంది కూడా.

తద్దినం దగ్గర ఇంకా పెద్ద పొరపాటు జరగబోయింది. మా మామగారిది పుష్య బహుళ షష్ఠి. ఏ తేదీన వస్తుందని ఏఐని అడిగితే తడుముకోకుండా చెప్పింది. సెలవు చీటీ కూడా రాసేశాను. అత్తగారు ఆ తేదీ విని, లేచి, గోడ మీది పంచాంగం క్యాలెండరు దగ్గరకు వెళ్లి, కళ్లజోడు పైకెత్తి చూసి, "తద్దినానికి మధ్యాహ్నం వేళ ఏ తిథి ఉందో చూడాలే అమ్మాయ్, తెల్లారేసరికి ఏముందో కాదు" అన్నారు. దాన్ని మళ్లీ అడిగితే, క్షమించమంటూ అంతే ధీమాగా ఇంకో తేదీ చెప్పింది. అదీ తప్పే. "మడీ తడీ లేనిదానికి తిథులేం తెలుస్తాయి" అని అత్తగారు తేల్చేశారు. ఇంటి ఆచారాలు, మనుషుల అలకలు, ఎవరికి ఏ కూర పడదు వంటివి ఇప్పుడు దాన్ని అడగను. నేను చెప్పినదాన్ని సర్దిపెట్టడం వరకే దాని పని.

ఇంకో తప్పు నాది. ఒత్తులు రాని ఆ బాబుకు ఎలా నేర్పాలో అడుగుతూ మొదట్లో పేరు, ఊరు, ఇంట్లో గొడవలు అన్నీ చెప్పేశాను. రాత్రి పడుకున్నాక మనసు పీకింది. వాళ్లమ్మ నన్ను నమ్మి చెప్పిన మాటలు అవి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం ఎవరికి ఎంతవరకు వర్తిస్తుందో లాయర్లు చూసుకుంటారు. నాకు మాత్రం ఆ తల్లి మొహం గుర్తొచ్చింది. ఆ సంభాషణ చెరిపేశాను. ఇప్పుడు "మూడో తరగతి బాబు, ద్విత్వాలు వస్తున్నాయి, సంయుక్తాలు రావడం లేదు" అని మాత్రమే అడుగుతున్నాను. అంతమాత్రానికే పనికొచ్చే సలహాలు వస్తున్నాయి. ఆధార్, బ్యాంకు, అత్తగారి రక్తపరీక్షల కాగితాలు ఫోటో తీసి పెట్టడం వంటివి మా స్టాఫ్‌రూములో చాలామంది చేస్తున్నారు. నాకు భయమేస్తుంది.

ఇప్పుడు రోజూ రాత్రి గిన్నెలు సర్దుతూ అయిదు నిమిషాలు మాట్లాడతాను. 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, మిగిలిన పని పూర్తికాకపోయినా ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకుంటే చాలు, అది మనసును సతాయించడం తగ్గిందట. నా అనుభవం దానికి దగ్గరగానే ఉంది. పనులు తగ్గలేదు. మొన్న లెక్కపెడితే 38 ఉన్నాయి. కానీ మిల్లర్ పేరా ఒక్కసారి చదివితే ఎక్కుతోంది.

మీకు ఒక విన్నపం. మీ మహిళా పేజీలో ఏఐ గురించి వేసేటప్పుడు ఉద్యోగాలు ఊడతాయనో, అద్భుతాలు జరుగుతాయనో మాత్రమే కాక, తెలుగులో నోటితో చెప్పి వాడుకోవడం ఎలాగో, ఏది చెప్పకూడదో, అది తప్పు చెబితే ఎలా పట్టుకోవాలో మాలాంటివాళ్లతో రాయించండి. టెట్ రాయవలసిన టీచర్లు మా మండలంలోనే చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు ఇది వాడుతున్నామని చెప్పడానికి సిగ్గుపడుతున్నారు, కాపీ కొట్టినట్టు.

ఈ లేఖ వేస్తే నా పేరు వేయవద్దని మనవి. ఇంట్లో మీ పత్రికను మొదట చదివేది మా అత్తగారే. పేరు లేకపోయినా పంచాంగం దగ్గరికి రాగానే పోల్చుకుంటారనుకోండి.

ఇట్లు
ఒక ఉపాధ్యాయిని, తెనాలి