కార్డు కాదు అమ్ములూ, లిస్టు చూసుకో

అమ్ములూ,

నిన్న ఫోన్లో ఓటు నమోదు సంగతి ఎత్తితే, "అసెంబ్లీ ఎన్నికలు 2029లో కదమ్మా, ఇప్పుడేం తొందర" అన్నావు. వెంటనే హాస్టల్లో ఉప్మా బాలేదని మాట మార్చావు. నీకు ఫోన్లో చెబితే వినవు, వాట్సాప్‌లో పెడితే బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే పేపర్లు దిద్దగా మిగిలిన తెల్లకాగితాల మీద రాస్తున్నా. నాన్న బుధవారం హైదరాబాద్ వస్తున్నారుగా, గోంగూర పచ్చడితోపాటు ఇదీ తెస్తారు. పచ్చడి ముందు తిని, ఉత్తరం తర్వాత చదివినా నాకేం కోపం లేదు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. 2003లో పెళ్లయి ఈ ఊరొచ్చాను. మరుసటేడు ఏప్రిల్లో అసెంబ్లీకీ పార్లమెంటుకీ కలిపి ఎన్నికలొచ్చాయి. ఈసారి కాగితాల్లేవంట, అంతా మిషన్లేనంట అని ఊరంతా అదే కబురు. పుట్టింట్లో ఉండగా ఫొటో దిగి తెచ్చుకున్న ఓటరు కార్డు నా దగ్గర భద్రంగా ఉంది. కొత్త కోడలిని కదా, మంచి చీర కట్టుకుని మీ నాయనమ్మతో కలిసి బడి దగ్గరికి వెళ్లా. గంటసేపు ఎండలో నిలబడ్డాక లోపలున్నాయన లిస్టు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు జరిపాడు. "మీ పేరు లేదమ్మా" అన్నాడు. కార్డు తీసి బల్ల మీద పెట్టా. "కార్డుంది, పేరు లేదు" అన్నాడు. వెనక లైన్లోవాళ్లు కానివ్వండి, కానివ్వండి అంటున్నారు. ఇంటికొచ్చి తాతయ్యకు ఫోన్ చేస్తే అక్కడా లేదట. పెళ్లయి వెళ్లిపోయిందని ఎవరో చెబితే కొట్టేశారట. అక్కడ తీసేయడం ఒకరికి గుర్తుంది. ఇక్కడ ఎక్కించడం మాత్రం ఎవరికీ గుర్తులేదు, నాతో సహా. ఆ రోజు మీ నాయనమ్మ వేలికి సిరా, నా వేలికి గోరింటాకు.

కార్డు అంటే నువ్వు ఫలానా మనిషివని చెప్పే కాగితం, అంతే. ఓటు ఉండేది లిస్టులో. కార్డు ఇంట్లో మర్చిపోయినా ఆధారో, పాన్ కార్డో, డ్రైవింగ్ లైసెన్సో, పాస్‌పోర్టో, ఫొటో ఉన్న బ్యాంకు పాసుబుక్కో, ఉపాధి హామీ జాబ్‌కార్డో చూపిస్తే ఓటు వెయ్యనిస్తారు. లిస్టులో పేరు లేకపోతే మాత్రం ఇవన్నీ దండ గుచ్చి మెళ్లో వేసుకెళ్లినా లాభం లేదు.

ఇప్పుడు నీ సంగతి. నీకు ఆగస్టులో పద్దెనిమిది నిండాయి. మా రోజుల్లో జనవరి ఒకటో తారీఖే లెక్క. జనవరి రెండున పుట్టినవాడు దాదాపు ఏడాది ఆగాల్సొచ్చేది. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తారీఖులు నాలుగూ లెక్కలోకి తీసుకుంటున్నారు. నీది అక్టోబరు ఒకటికి సరిపోతుంది. అసలు పదిహేడు నిండగానే ముందుగా అప్లై చేసుకోవచ్చు. అది నేనూ నీకు చెప్పలేదు, నా తప్పే. మీ తాతయ్యలైతే ఇరవై ఒకటి దాకా ఆగారు. పద్దెనిమిదికి తగ్గించింది 61వ రాజ్యాంగ సవరణ, అది అమల్లోకి వచ్చింది 1989లో.

2029 దాకా ఆగొచ్చు కదా అంటావేమో. మధ్యలో పంచాయతీ ఎన్నికలుంటాయి. వాటిని జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు జరిపే ఢిల్లీ వాళ్ల సంఘం వేరు, ఇది వేరు. కానీ పంచాయతీ లిస్టు తయారయ్యేది అసెంబ్లీ లిస్టులోంచే. అందులో లేకపోతే ఇందులోనూ ఉండవు. పైగా అసెంబ్లీ ఎన్నికలప్పుడు నామినేషన్ల గడువు ముగిసిందంటే ఆ లిస్టులో ఒక్క పేరు కలపడానికీ వీల్లేదు, తీయడానికీ వీల్లేదు. ఆ వారంలో మండలాఫీసు చుట్టూ తిరిగేవాళ్లని ఎంతమందిని చూశానో.

అసలు చిక్కు ఎక్కడ రాయించుకోవాలన్నది. హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లకి రెండు దార్లున్నాయి. ఇక్కడ మన ఇంటి అడ్రసు మీద రాయించుకోవచ్చు. లేదంటే అక్కడ హాస్టల్ అడ్రసు మీద రాయించుకోవచ్చు, కాకపోతే దానికి మీ ప్రిన్సిపాల్ సంతకంతో బోనఫైడ్ జత చెయ్యాలి. ఏదైనా ఒక్కటే. ఫారంలో కింద "మరే నియోజకవర్గంలోనూ నా పేరు లేదు" అని నువ్వే సంతకం పెడతావు. తెలిసీ అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

మనవాళ్లలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఒక ఓటు, ఊళ్లో ఒక ఓటు ఉన్నవాళ్లు కొల్లలని నీకూ తెలుసు. 2014లో అటు తెలంగాణవైపు ఏప్రిల్ 30న, మన ఆంధ్రావైపు మే 7న పోలింగు పెట్టారు. మధ్యలో వారం దొరికేసరికి రెండుచోట్లా నొక్కొచ్చామని పెళ్లిళ్లలో గొప్పగా చెప్పుకున్నవాళ్లున్నారు. 2024 మే 13న రెండువైపులా ఒకేరోజు వచ్చింది. అక్కడ పార్లమెంటుకి, ఇక్కడ అసెంబ్లీకీ పార్లమెంటుకీ. ఇక ఏదో ఒకటి తేల్చుకోక తప్పలేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర సంక్రాంతికి ఆగినట్టు కార్లు ఆగిపోయాయి. ఆ ఎన్నికల్లో మన రాష్ట్రంలో నూటికి దాదాపు 82 మంది ఓటేశారు. అంతకు ఆరు నెలల ముందు, 2023 నవంబరు 30న, తెలంగాణ అసెంబ్లీకి జరిగినప్పుడు హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా రాలేదు. సెలవిచ్చినా రాలేదు.

నువ్వు ఎక్కడ రాయించుకోవాలో నేను చెప్పను. చెబితే దానికి వ్యతిరేకంగా చేస్తావు. నాలుగేళ్లు నువ్వు తిరిగే రోడ్లు, తాగే నీళ్లు అక్కడివి. నీ భూమి, నీ బడి, నాయనమ్మ పింఛను ఇక్కడివి. ఆలోచించుకో. ఇక్కడే అనుకుంటే మాత్రం ఎన్నికల ముందు నీకు ఊరి నుంచి ఫోన్లొస్తాయి. "బస్సు పెట్టాం, ఎక్కితే చాలు" అంటారు. ఓటర్లని తేవడానికి అభ్యర్థి బండ్లు కట్టించడం చట్టం దృష్టిలో అక్రమం. ఓటుకి డబ్బు కవర్ ఇవ్వడం ఎంత నేరమో పుచ్చుకోవడమూ అంతే నేరం. టికెట్ నేను కొనిస్తా, నువ్వు ఆ బస్సెక్కకు. ఈ ఒక్కటీ మాత్రం ఆలోచించుకోమని అనడం లేదు, వద్దంటున్నా.

కొత్తగా పేరు ఎక్కించుకునేది ఫారం-6. కేంద్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఫోన్ నంబరు, ఓటీపీతో లోపలికెళ్లి నింపొచ్చు. ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకు. పాస్‌పోర్టు సైజు ఫొటో, పుట్టినతేదీకి పదోతరగతి మెమో, అడ్రసుకి ఆధార్ సరిపోతాయి. ఇంట్లోవాళ్ల ఓటరు కార్డు నంబరు అడిగే గడి ఉంటుంది. మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఏడంకెలు. నాది నాన్న ఫోన్లో ఉంది, తీసుకో.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు. ఫారంలో పేరు ఇంగ్లీషులో కొడుతుంటే పక్కన తెలుగు గడిలో అదే పడిపోతుంది. అది పడ్డది పడ్డట్టు వదిలేసి పంపేస్తారు అందరూ. మన వీధిలో హారిక "హరిక" అయింది, వాళ్ల నాన్న ఇంటిపేరు గుర్తుపట్టలేకుండా పోయింది. ఒత్తులు, దీర్ఘాలు, ఇంటిపేరు ముందుందా వెనకుందా, అన్నీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా చూసుకుని అప్పుడు పంపు. తర్వాత దిద్దుకోవచ్చు, దానికి ఫారం-8 ఉంది. కానీ ఒకసారి రాసేటప్పుడే సరిగ్గా రాయడానికి నీకు ఏమొచ్చింది? తెలుగు టీచరు కూతురివి.

పంపగానే రిఫరెన్స్ నంబరొకటి వస్తుంది. అది స్క్రీన్‌షాట్ తీసి నాకు పెట్టు. తర్వాత బీఎల్‌వో, అంటే ఆ బూత్ ఓటర్ల లిస్టు చూసే మనిషి, ఇంటికొచ్చి చూసుకుంటుంది. ఇక్కడైతే మన అంగన్‌వాడీ టీచరే, నిన్ను ఎత్తుకు తిప్పిన మనిషి, ఇబ్బంది లేదు. అక్కడ హాస్టల్ అయితే ఆ వచ్చినావిడ వాచ్‌మన్‌ని అడిగి "అలాంటి అమ్మాయెవరూ లేరు" అనిపించుకుని వెళ్లిపోతుంది. వార్డెన్‌కి ముందే చెప్పి ఉంచు. కార్డొచ్చింది కదా అని పడుకోకు. ఎన్నికలకి రెండు మూడు నెలల ముందు మళ్లీ సైటులో పేరు కొట్టి చూసుకో, లేదంటే 1950కి ఫోన్ చెయ్యి.

రేపు ఉద్యోగం వచ్చి బెంగళూరో పుణేనో పోతావు. అప్పుడు మళ్లీ ఫారం-6 నింపకు, అదే చాలామంది చేసే పొరపాటు. ఇల్లు మారితే ఫారం-8. పాత చోట పేరు తీసి కొత్త చోట వేస్తారు, కార్డు నంబరు మాత్రం అదే ఉంటుంది. టెక్సాస్‌లో ఉన్న పిన్ని కొడుక్కైతే ఫారం-6ఏ. అక్కడి పౌరసత్వం తీసుకోనంతవరకూ పాస్‌పోర్టులో ఉన్న ఇక్కడి అడ్రసు మీద పేరుంటుంది. కాకపోతే వాడు పాస్‌పోర్టు పట్టుకుని విమానమెక్కి వచ్చి మన బడి దగ్గర లైన్లో నిలబడితేనే ఓటు.

బూత్‌లో ఏం జరుగుతుందో నన్నడుగు. 2009 నుంచి నాలుగు అసెంబ్లీ ఎన్నికల్లో డ్యూటీ చేశా. తెల్లారకముందే లేచి ఏజెంట్ల ముందు యాభై ఓట్లకు తగ్గకుండా ఉత్తుత్తి ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూపించి, అవి చెరిపేసి, సీలు వేసి అప్పుడు మొదలుపెడతాం. మొదటి బల్ల దగ్గరాయన నీ పేరు గట్టిగా చదువుతాడు, ఏజెంట్లు వాళ్ల లిస్టుల్లో గీత కొట్టుకుంటారు. రెండో బల్ల నాది. రిజిస్టర్లో సంతకం చేయించుకుని, ఎడమ చూపుడువేలికి గోరు కొస నుంచి మొదటి కణుపు దాకా సిరా గీత గీస్తా. మైసూరు ఫ్యాక్టరీ సిరా అది, 1962 నుంచీ అదే. పూసినప్పుడు ఊదాగా ఉండి, వెలుగు తగిలేసరికి నల్లబడుతుంది. మూడో ఆయన చీటీ తీసుకుని బటన్ నొక్కితేనే నీ మిషను పనిచేస్తుంది. అసెంబ్లీ, పార్లమెంటు కలిసొస్తే రెండు మిషన్లుంటాయి. గులాబీరంగు కాగితం ఉన్నది అసెంబ్లీ, తెల్లది పార్లమెంటు. నొక్కాక పక్కనున్న పెట్టె అద్దంలో ఏడు సెకన్లపాటు చీటీ కనిపిస్తుంది. నువ్వు నొక్కిన గుర్తేనా అని చూసుకునే కదులు. చాలామంది బీప్ వినపడగానే పరుగో పరుగు. ఎవరూ నచ్చకపోతే అన్నిటికంటే కింద నోటా ఉంది, 2013లో సుప్రీంకోర్టు చెబితే పెట్టారు. ఫోను లోపలికి తేవద్దు, సెల్ఫీ బయటికొచ్చాక వేలు చూపించి దిగు.

నీ పేరు మీద ఎవరో ముందే వేసేశారని చెబితే ఏడుస్తూ వెనక్కి రాకు. టెండర్ ఓటు కావాలని అడుగు. కాగితం బ్యాలెట్ ఇస్తారు, వేశాక కవర్లో విడిగా పెడతారు. అది మామూలుగా లెక్కలోకి రాదు, కోర్టుదాకా వెళితే పనికొస్తుంది. అయినా అడుగు. సాయంత్రం టైమయ్యేసరికి లైన్లో ఉంటే చాలు, ఎంత రాత్రయినా వేయనిస్తారు. లైను చివరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు చీటీలు పంచుతాం, తర్వాత వచ్చినవాళ్లు దూరకుండా. పోయినసారి మా బూత్‌లో చివరి ఓటు పడేసరికి తొమ్మిదిన్నర, నాకు కాళ్లు నా కాళ్లలా లేవు.

ఇంత రాశాక గుర్తొచ్చింది. డ్యూటీ చేసేవాళ్లకి పోస్టల్ బ్యాలెట్ కదా, ముందే కాగితం మీద వేసేస్తాం. అంటే అసెంబ్లీ ఎన్నికల్లో నా వేలికి సిరా పడింది 1999లో ఒకేఒక్కసారి. వేలమంది వేళ్లకి పూశాను గానీ.

నాయనమ్మ పక్కనే కూర్చుని ఏం రాస్తున్నావని అడుగుతోంది. 2024లో ఆవిడకి ఎనభై ఆరు. ఎనభై అయిదు దాటినవాళ్లకి ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారు, ఫారం 12డీ ఇస్తే చాలు అని బీఎల్‌వో వచ్చి చెప్పింది. "ఇంట్లో మంచం మీద వేసేది ఓటేంటే" అని పంపించేసింది. ఆటో కట్టించుకుని వెళ్లింది. గుర్తులు కనపడవు కాబట్టి మీ నాన్న తోడెళ్లారు. అలా తోడెళ్లి నొక్కిపెట్టేవాళ్లకి పద్దెనిమిది నిండాలి, రహస్యం బయటపెట్టనని రాసివ్వాలి, ఆ రోజుకి ఒక్కరికే తోడెళ్లాలి. వాళ్లకి సిరా కుడిచేతి వేలికి పెడతారు.

అది చెబితే ఆవిడ లెక్క వేసుకుంది. ఈసారి మీ నాన్న వద్దట. పోయినసారి తను చెప్పిన గుర్తే నొక్కాడో లేదోనని ఇంకా అనుమానమట. నువ్వు రావాలట. ఎడమ వేలు నీ ఓటుకి, కుడి వేలు తన ఓటుకి అంటోంది. ఎక్కడ రాయించుకుంటావో నీ ఇష్టమని నేనంటే, "అదేం కుదరదు, రాయి" అని కాగితం మీద వేలు పెట్టి చూపిస్తోంది. రాశాను.

అమ్మ