సోమశిల అన్నదమ్ములకు, ఒక గోనె సంచి బాకీతో

ఈ మాట చేరవలసిన ఇద్దరి దగ్గరా ఆ రోజు ఫోను లేదు. నీళ్లలో తడుస్తుందని ఇంట్లో పెట్టి వచ్చారట. నొప్పిలో ఉన్న నేను వాళ్ల పేర్లయినా సరిగా అడగలేదు. కొల్లాపూర్, సోమశిల వైపు వాళ్లు ఎవరైనా చదివి వాళ్లకు వినిపిస్తారన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాను.

సంక్రాంతి సెలవుల్లో మహబూబ్‌నగర్ నుంచి నలుగురం బయలుదేరాం. లలితా సోమేశ్వరుడి దర్శనం మా అమ్మ కోసం, కృష్ణ ఒడ్డున రాళ్ల మీద నడక నా కోసం. దర్శనం అయ్యాక అమ్మ, నా భార్య గుడి దగ్గరే కూర్చున్నారు. నేను, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి ఒడ్డు పట్టుకుని నడిచాం. పడవ మాత్రం ఎక్కబోమని మా ఆవిడకు మాట ఇచ్చాకే కదలనిచ్చింది. 2007 జనవరిలో ఈ నీళ్ల మీద పడవ మునిగి పదుల కొద్దీ జనం చనిపోయిన సంగతి పాలమూరు ఇళ్లలో ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

సోమశిల దగ్గరి ఈ నీళ్లు శ్రీశైలం జలాశయానివే, అది నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. మేం వెళ్లేనాటికి నీళ్లు బాగా దిగాయి. ఎంతవరకు దిగాయో ఒడ్డు రాళ్లే చెబుతున్నాయి. పైన ఎండకు నల్లబడిన బండ, దాని కింద సున్నం కొట్టినట్టు తెల్లటి పట్టీ, ఇంకా కింద పచ్చటి పాచి. ఆ పాచే నా కొంప ముంచింది. పొద్దున రేవు దగ్గర చేపలు వేయిస్తున్న పెద్దమ్మ చెప్పనే చెప్పింది: "తడి బండ మీద బూటు నిలవదు సార్, ఉత్త కాళ్లతో నడవండి." నడక కోసమని అంత డబ్బు పోసి కొన్న బూట్లను చేతిలో పట్టుకుని నడవడం ఏమిటని నేను వినలేదు.

గంటకు పైగా హాయిగా గడిచింది. నీటికాకులు బండల మీద రెక్కలు ఆరేసుకుని కూర్చున్నాయి. ఒక నలుపు తెలుపు లకుముకి పిట్ట గాలిలో ఉన్న చోటే నిలబడి రెక్కలు కొట్టుకుంటూ, ఉన్నట్టుండి తలకిందులుగా నీళ్లలో పడి చేపతో లేచింది. అవతలి సిద్ధేశ్వరం వైపు మోటారు సైకిళ్లు, మనుషులు, మూటలు ఎక్కించుకున్న ఇంజను పడవ డబడబమంటూ పోతోంది. దాన్ని చూస్తూ అడుగు వేశాను. బూటు జారింది. చీలమండ రాళ్ల సందులో మెలిపడింది. పొద్దు వాలుతోంది, ఫోనులో సిగ్నల్ లేదు, అబ్బాయి ముఖంలో రంగు లేదు.

వాడు పెట్టిన కేకకే మీరిద్దరూ వచ్చారు. మలుపు అవతల వల బాగు చేసుకుంటున్నారట. అన్న నా కాలి వేళ్లు కదిలించమన్నాడు, కదిలాయి. "విరగలేదు. కానీ ఈ రాళ్ల మీద మోసుకెళ్తే ముగ్గురం పడతాం. పుట్టి ఎక్కండి," అన్నాడు. మా ఆవిడకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. పుట్టి పడవ కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

పుట్టిని దూరం నుంచి చూడడమే గానీ ఎక్కడం అదే మొదటిసారి. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప, కింద ప్లాస్టిక్ పట్టా కుట్టి తారు పూశారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి, గోనె సంచి మడిచి వల కుప్ప మీద పెట్టి, దాని మీద నా కాలు ఎత్తి పెట్టారు. ఆ వలకు తేలడానికి కట్టిన ముక్కలు పాత హవాయి చెప్పులను కోసినవి. నా బూట్ల కంటే ఆ చెప్పులకే నీటితో పరిచయం ఎక్కువ. తమ్ముడు ముందు మోకాళ్ల మీద కూర్చుని నీటిని తెడ్డుతో తన వైపు లాక్కుంటుంటే పుట్టి కాస్త ఇటు, కాస్త అటు తిరుగుతూ సాగింది. నేను భయపడతానని కాబోలు, అన్న మాటలు ఆపలేదు. బొచ్చె, రవ్వ చేపలు పడే చోట్లు చెప్పాడు. సన్న కన్ను అలివి వలలతో పిల్ల చేపలను కూడా ఊడ్చుకుపోయేవాళ్ల మీద మాత్రం గొంతు పెంచాడు. ఒకచోట తెడ్డు ఆపించి వేలు చూపించాడు: బండ పక్కన మూడు నున్నటి తలలు, మీసాలతో. నీటికుక్కలు. వలలు చింపుతాయని తిడుతూనే వాటిని చూపించేటప్పుడు ఆయన ముఖం వెలిగింది. మా అబ్బాయి నా కాలి సంగతి మరిచిపోయాడు, నేనూ మరిచిపోయాను.

రేవులో మా ఆవిడ నన్ను చూసి ముందు ఏడ్చింది, తరువాత తిట్టింది, ఆ తరువాత మీకు దండం పెట్టింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అసలు సంగతి కారు ఎక్కాక గానీ నాకు తట్టలేదు: అది సాయంత్రం వల వేసే వేళ. నన్ను దించి, చీకట్లో అంత దూరం వెనక్కి వెళ్లి మీరు వల వేశారో, ఆ రాత్రి రాబడి వదులుకున్నారో. కొల్లాపూర్‌లో డాక్టరు చూసి బెణుకే అన్నాడు, మూడు వారాలకు తగ్గింది.

అన్నా, పుట్టితో కలిపి తనకు ఒక్క ఫోటో కూడా లేదని నువ్వు మా అబ్బాయితో అన్నావట. దిగేటప్పుడు వాడు తీశాడు. తెడ్డు తమ్ముడి చేతిలో ఉంది, నువ్వు నవ్వుతున్నావు. పెద్దది కడిగించి ఉంచాను. మీ గోనె సంచి కూడా మా కారు డిక్కీలోనే వచ్చేసింది. రెండుసార్లు ఉతికినా చేపల వాసన పోలేదు. శివరాత్రికి అమ్మను తీసుకుని సోమశిల వస్తున్నాం, రెండూ తెచ్చిస్తాను. ఈసారి ఉత్త కాళ్లతోనే.