చెల్లెమ్మ బీపీ గురించి

హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

చెల్లెమ్మకు ఏడో నెలలో బీపీ 142/92 వచ్చింది, కానీ తలనొప్పి కూడా లేదు, బాగానే ఉంది అన్నావు చూడు, ఆ మాటే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. బీపీ పెరిగినా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదురా. 20 వారాలు దాటాక 140/90, ఆపైన మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టర్లు దాన్ని గర్భంతో వచ్చిన బీపీగానే చూస్తారు. మూత్రంలో ప్రోటీన్ ఉందో లేదో కూడా పరీక్ష చేయిస్తారు. అది తప్పించొద్దు. ఉందంటే ప్రీఎక్లాంప్సియా అనే గర్భిణుల బీపీ జబ్బు అయ్యుండొచ్చు. దాన్ని వదిలేస్తే ఫిట్స్ దాకా పోవచ్చు, బిడ్డ ఎదుగుదలా తగ్గొచ్చు.

మా ఇంట్లో బీపీ మిషన్ ఖాళీగానే ఉంది, ఆదివారం తెచ్చిస్తాను. టీ తాగిన వెంటనే చూడొద్దు. చెల్లెమ్మను వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనేలా అయిదు నిమిషాలు కూర్చోనివ్వు. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. వచ్చిన అంకె తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయి, చెకప్‌కి అదే పట్టుకెళ్లు.

అమ్మ వేసుకునే బీపీ బిళ్ల మాత్రం పొరపాటున కూడా ఇవ్వకండి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. గర్భిణులకు లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివి వేరే ఉన్నాయి. ఏది, ఎంత అన్నది డాక్టరమ్మే చెప్పాలి. రాసిచ్చాక అంకె తగ్గింది కదా అని మీ అంతట మీరు ఆపేయొద్దు.

మీ అత్తయ్యగారు ఉప్పు పూర్తిగా మాన్పించారన్నావు. అంత అక్కర్లేదురా. ఆవకాయ, అప్పడాలు, మిక్చర్ తగ్గిస్తే చాలు. చప్పిడి కూడు పెడితే పిల్ల తిండే మానేస్తుంది.

ఇది మాత్రం ఫ్రిజ్ మీద అంటించు: తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, ఉన్నట్టుండి ముఖం, చేతులు ఉబ్బడం, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా, లేదా బీపీ 160/110 తాకినా, తెల్లారేదాకా ఆగొద్దు. కాళ్లవాపు మామూలేనని ఇంట్లోవాళ్లు అంటారు. ముఖం వాపు వేరు. 108కి చెయ్యి, నాకూ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. మీ ఉప్పల్ నుంచి ఆస్పత్రికి ఏ దారిన పోవాలో, రాత్రిపూట డ్యూటీ డాక్టరు ఉంటారో లేదో ఇప్పుడే కనుక్కో.

కాన్పయితే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోకు. మా అక్కకు డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాకే పెరిగింది. పురుడయ్యాక మొదటి వారం మరీ జాగ్రత్తగా చూడాలి, ఆ తర్వాత కూడా ఆరు వారాల దాకా వదలొద్దు.

ఇంకొకటి. తను టెన్షన్ పడటం వల్లే బీపీ వచ్చిందని ఇంట్లో ఎవరూ అనకుండా చూడు. ఇందులో తన తప్పేమీ లేదు.

ఆదివారం పొద్దున్నే వస్తాను. నోట్‌బుక్ కొని ఉంచు.

నీ
మురళి