ఒరే ఇజీనారం, మీ రాజుగారిని మళ్ళీ చంపేశాను

విచిటా, కాన్సస్
1995 జనవరి 18, రాత్రి పదిన్నర

ఒరే ఇజీనారం,

ముందు తిట్లన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం అక్టోబరులో వచ్చింది. నేను జవాబు రాస్తున్నది సంక్రాంతి వెళ్ళాక. మధ్యలో రెండుసార్లు మొదలెట్టాను. ఒకటి "ఇక్కడ అంతా కులాసా" దగ్గరే ఆగిపోయి ఇప్పటికీ డిక్షనరీలో ఉంది, రెండోది గుంటూరాయన టీ కప్పు కింద పెట్టుకున్నాడు. (గుంటూరాయనంటే మా రూమ్మేటు. పోయినసారి రాశాను కదా, గోంగూర డబ్బాకి తాళం వేసుకునేవాడని. వాడే.)

చదువు సాగుతోంది. అసిస్టెంట్‌షిప్పు ఇంకో సెమిస్టరు ఇచ్చారు. చలి గురించి రాయను, రాస్తే నువ్వు నమ్మవు. చెల్లి పెళ్ళికి రాలేకపోయానని అమ్మకి నువ్వే సర్దిచెప్పు. అయిపోయాయి కబుర్లు. ఇక అసలు సంగతి.

మొన్న ముక్కనుమ రాత్రి, మీ విజయరామరాజుగారు ఒళ్ళెరక్కుండా నిద్రపోతుంటే గదిలో దూరి పొడిచేశాను.

నవ్వకు. నిజంగానే. హాస్టల్లో నాలుగేళ్ళు నాతో వాదించావు కదా, "నిద్దరోతున్నవోణ్ణి పొడవడం కూడా వీరత్వమేటిరా" అని. ఆ వాదనకి ఇప్పుడు నా దగ్గర కొత్త సంగతులున్నాయి. కొంచెం వెనక నుంచి చెప్పాలి, ఓపిక పట్టు.

ఇక్కడ బులెటిన్ బోర్డులని ఉంటాయి. ఎవడో ఒకడి ఇంట్లో ఒక కంప్యూటరు, దానికి మోడెం (ఫోను లైను మీద రెండు కంప్యూటర్లని కలిపే డబ్బా), ఒకే ఒక్క ఫోను లైను. మనం మన మోడెంతో ఆ నంబరుకి డయల్ చేస్తే కీచుకీచుమని రెండూ కాసేపు పోట్లాడుకుని, ఆనక కలుస్తాయి. ఉత్తరాలు రాసుకోవచ్చు, ప్రోగ్రాములు దింపుకోవచ్చు, ఆటలాడుకోవచ్చు. ఇక్కడ ఊళ్ళో కాల్ ఎంతసేపు మాట్లాడినా నెలకి అదే బిల్లు, అందుకే సాగుతున్నాయి ఈ వేషాలు. మన ఎస్టీడీ బూత్‌లో మీటరు చూస్తూ మాట్లాడినట్టు కాదు. మా బోర్డు నడిపే ఆయన పగలు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, రాత్రి సిసాప్. అంటే ఆ రాజ్యానికి దేవుడన్నమాట. అసలీ బోర్డుల పుట్టుకే మంచువల్లట, ఆయనే చెప్పాడు. 1978లో చికాగోలో మంచు ముంచెత్తితే, ఇల్లు కదల్లేక వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అనే ఇద్దరు మొదటి బోర్డు కట్టారట. మంచు పడితే మనమైతే ఏం చేసేవాళ్ళం? పేకాడేవాళ్ళం.

ఆ బోర్డులో ఒక ఆట ఉంది. లెజెండ్ ఆఫ్ ది రెడ్ డ్రాగన్. అందరూ లార్డ్ అంటారు. ఆరెగాన్ కుర్రాడు సేత్ రాబిన్సన్ అని, 1989లో తన సొంత బోర్డు కోసం రాసుకున్నాడు, ఇప్పుడు దేశమంతా ఆడుతున్నారు. బొమ్మలుండవు. అన్నీ అక్షరాలే, రంగురంగుల అక్షరాలు. నా మోడెం 2400 వేగం, అంటే సెకనుకి 240 అక్షరాలు. పాత టెలిప్రింటరులా ఒక్కో వరసా తాపీగా దిగుతుంది. చావు కబురు కూడా అలాగే, అక్షరం అక్షరంగా. అదో నరకం.

ఆట సంగతి: ఒక ఊరు. ఊరి చివర అడవి. అడవిలో రోజుకి ఇన్నే పోరాటాలని లెక్క, అవి అయిపోతే మళ్ళీ అర్ధరాత్రి దాటాకే. చంపిన రాక్షసుడి దగ్గర బంగారం దొరుకుతుంది, దాన్ని ఊళ్ళో బ్యాంకులో వేసుకోవాలి. కర్రతో మొదలెట్టి కత్తి, గొడ్డలి అలా కొనుక్కుంటూ పోవాలి. ఒక్కో మెట్టుకీ ఒక గురువు, ఆయన్ని ఓడిస్తేనే పై మెట్టు. పన్నెండో మెట్టెక్కాక ఎర్ర డ్రాగన్. సత్రంలో వయొలెట్ అని ఒకమ్మాయి ఉంటుంది, ఆ సంగతి తర్వాత.

ఇంతవరకు పిల్లలాటే. మజా అంతా ఇంకోచోట ఉంది. ఊళ్ళో ఓ నలభైమంది ఆడతారు గానీ లైను ఒకటే కదా, ఎప్పుడూ ఒక్కడే లోపల ఉంటాడు. మిగతా అందరూ "నిద్రపోతుంటారు". ఆట చాలించి ఫోను పెట్టేసేముందు సత్రంలో గది తీసుకోవాలి. తీసుకోకపోతే పొలాల్లో పడి నిద్రపోతావు. పొలంలో నిద్రపోయేవాణ్ణి ఎవడైనా చంపి, చేతిలో బంగారం పట్టుకుపోవచ్చు. నీ తరఫున నీ పాత్ర కాసేపు పోరాడుతుంది, నువ్వు మాత్రం ఎక్కడో క్లాసులో కూర్చుని ఉంటావు. యుద్ధం ఇద్దరిదీనూ, ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడరు. మన ఉత్తరాల్లాగే. నువ్వు పొడిచింది నాకు పదిహేను రోజులకి తగుల్తుంది.

అందులో నా పేరు ఏమనుకున్నావు? తాండ్ర పాపారాయుడు. ఇంకేం పెట్టుకుంటాను! ఇక్కడివాళ్ళు "పాపా" అని పిలుస్తారు. ఇంగ్లీషులో నాన్న అని అర్థం, నాకభ్యంతరం లేదు.

ఇక నా శత్రువు. పేరు స్లెడ్జ్‌హ్యామర్. మన భాషలో సుత్తి. పేరు సార్థకంరా బాబూ. ఆటలో రోజువారీ వార్తలని ఒక పేజీ ఉంటుంది, ఎవడు ఎవణ్ణి చంపాడో అందులో పడుతుంది, చంపినవాడు కింద ఒక వరస రాసుకోవచ్చు. వీడు రోజూ అందులో సుత్తి కొడుతుంటాడు. వాడూ నేనూ ఎనిమిదో మెట్టు మీదే ఉన్నాం.

భోగి రాత్రి. పదకొండుంబావు. నేను రెండు నెలలుగా కూడబెట్టిన బంగారమంతా బ్యాంకులోంచి తీశాను. ఎందుకంటే ఏబుల్స్ స్వోర్డని ఒక కత్తి ఉంది, 4 లక్షలు. కొట్టువాడిది ఒక చచ్చు నియమం: కొత్తది కొనాలంటే ముందు పాతది అమ్మాలి. 2 లక్షలు పెట్టి కొన్న గొడ్డలిని సగానికి అమ్మాను. చేతిలో 4 లక్షల 10 వేలు. చేతిలో ఆయుధం మాత్రం లేదు. ఒట్టి చేతులు. ఇంకొక్క మీట నొక్కితే కత్తి నాది.

తెర మీద పిచ్చి గీతలు పడ్డాయి. బ్రాకెట్లు, తోకలు, ప్రశ్నార్థకాలు, చీమలు పాకినట్టు. తర్వాత రెండు మాటలు: నో క్యారియర్. అంటే లైను తెగింది.

వంటింట్లో ఇంకో ఫోను ఉంది. గుంటూరాయన ఎత్తాడు.

నేను పరిగెత్తుకెళ్ళేసరికి వాడప్పటికే ఇంటికి డయల్ చేసేశాడు. ఇక్కడ భోగి రాత్రంటే అక్కడ సంక్రాంతి పొద్దున్న పదకొండు కదా. నిమిషానికి రెండు డాలర్ల పైన పోతుంటే లాక్కోలేను. పొలంలో ఒట్టి చేతులతో, నాలుగు లక్షల మూటతో పడుకుని ఉన్నాను నేను. వీడేమో "అరిసెలు వండారా అమ్మా" అంటున్నాడు. పది నిమిషాలు. ఒరే, ఆ పది నిమిషాలు నేను వంటింటి గుమ్మంలో నిలబడి చేసిన అభినయం నువ్వు చూడాలి.

పెట్టేశాక తిడదామని నోరు తెరిచాను. వాడు ఫోను మీద చెయ్యి తియ్యలేదు. "అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారంట, మా నాన్న నా పేరు మీద ఒక విస్తరి వేయించాడంట" అన్నాడు. అని సింకు వైపు తిరిగి, కడిగిన గిన్నె మళ్ళీ కడగడం మొదలెట్టాడు. ఇంకేం తిడతాను? నేను ఇంటికి ఫోను చేసి ఎన్నాళ్ళయిందో... సరే, ఆదివారం చేస్తాను. నువ్వు కనబడితే అమ్మకి చెప్పు, పొద్దున్న ఇంట్లోనే ఉండమను.

సరే, ఎక్కడున్నాను? డయల్ చేశాను. ఎంగేజు. మళ్ళీ. ఎంగేజు. మన మోడెం దానంతటదే మళ్ళీ మళ్ళీ చేస్తుంది, నేను పక్కన కూర్చుని ప్రతిసారీ దానికి సాయంగా పళ్ళు కొరుకుతున్నాను. యాభై నిమిషాలు ఎంగేజు. లైను దొరికేసరికి పన్నెండు దాటి ఇరవై. వార్తల పేజీ దిగింది, తాపీగా, అక్షరం తర్వాత అక్షరం: స్లెడ్జ్‌హ్యామర్ పాపారాయుణ్ణి పొలంలో చంపాడు. కింద వాడి సుత్తి: "నాన్నా, నిద్రపో."

నాలుగు లక్షల పదివేలూ పోయాయి. రోజు మారింది కాబట్టి ప్రాణమైతే వచ్చింది. భోగిమంట మనింట్లోనే వేశారన్నమాట.

ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. బొబ్బిలి కోట పడింది 1757 జనవరి 24న. పాపారాయుడు మీ రాజుగారి డేరాలో దూరింది మూడో రాత్రి. నేనూ మూడు రాత్రులు ఆగుదామనుకున్నాను. కావాలనే. నీకు పిచ్చిగా ఉంటుంది, నాకు మాత్రం అదో వ్రతంలా అయిపోయింది. సంక్రాంతి, కనుమ రెండు రోజులూ అడవిలో కూలి చేశాను. పదివేలకి ఒక పొడుగు కత్తి కొన్నాను, వాడి ముందు అది కూరగాయల చాకుతో సమానం. డెత్ నైట్ విద్య అని నా దగ్గర ఒకటుంది, దెబ్బ గట్టిగా పడుతుంది గానీ రోజుకి ఇన్నిసార్లే. ముక్కనుమ నాడు అడవిలో ఒక్కసారీ వాడకుండా దాచుకున్నాను.

సుత్తిగాడు ఇప్పుడు శ్రీమంతుడు కదా, నా డబ్బుతో సత్రంలో పడుకుంటున్నాడు. సత్రంలో ఉన్నవాణ్ణి ముట్టుకోలేరు, ఒక్క దారి తప్ప. సారాకొట్టువాడికి లంచమిస్తే గది తాళంచెవి ఇస్తాడు. నా దగ్గర దాదాపు పదమూడు వేలు గుంజాడు, దొంగ వెధవ. ఇచ్చాను. లోపలున్నవాళ్ళ జాబితా వచ్చింది. వాడి పేరు ఎంచుకున్నాను.

ఇదుగో, ఇక్కడ ఆగాను. నిజం చెప్తున్నాను. దాడికి ఏ అక్షరం నొక్కాలో దాని మీదే వేలుంది. గుంటూరాయన గుర్రు పెడుతున్నాడు, కిటికీ బయట మంచు. నీ మాట చెవిలో మోగింది, మెస్సులో పప్పు గరిటె పట్టుకుని నువ్వన్న మాట. నిద్దరోతున్నవోణ్ణి. వీడు నిజంగా ఎక్కడో దుప్పటి ముసుగేసుకుని పడుకునే ఉంటాడు కదా అనిపించింది. నీ వాదన ఒప్పుకున్నాననుకోకు. ఆగానని మాత్రమే చెప్తున్నాను. ఎంతసేపో కాదు, నాలుగు క్షణాలు.

నొక్కాను.

వాడి బలం ఎంతో తెర మీద పడింది: అరవై చిల్లర! వందల్లో ఉండాల్సిన మనిషి. అడవిలో దెబ్బలు తిని, వైద్యుడికి డబ్బులివ్వడం దండగనుకుని అలాగే వచ్చి పడుకున్నాడు. పిసినారి. నా డబ్బుతో కూడా పిసినారే. విద్య ప్రయోగించాను. ఒక్క దెబ్బ. నా చాకు విరగలేదు, వాడు పోయాడు. బంగారం చూస్తే పద్దెనిమిది నాణేలు. మిగతాదంతా బ్యాంకులో వేసుకున్నాడు మహానుభావుడు! పదమూడు వేల లంచానికి పద్దెనిమిది నాణేలు. ఈ లెక్క మీ ఊళ్ళో ఎవరికీ చెప్పకు.

వార్తల్లో నా వరస రాశాను: "విజయరామరాజు కూడా ఇలాగే హాయిగా నిద్రపోయాడు."

పొద్దున్నకల్లా ఆటలో నాకు ఎనిమిది ఉత్తరాలు. ఎవర్రా ఈ రాజు, ఏ మెట్టు మీదున్నాడు, ఆటగాళ్ళ జాబితాలో లేడే అని. సిసాపయితే తన రికార్డులన్నీ వెతికాడట. దాంతో కూర్చుని మొత్తం రాశాను. బుస్సీ ఫిరంగులు, కోటలో ఆడవాళ్ళు, రాజాం నుంచి వస్తూ పాపారాయుడు చూసిన మంటలు, డేరా, అన్నీ. నాకొచ్చిన ఇంగ్లీషులో. మల్లమ్మ దగ్గరకొచ్చేసరికి నాకే గొంతు పట్టేసింది, అక్కడ చిన్నగా రాసి వదిలేశాను. ఒట్టు, మీ పైడితల్లమ్మవారి గురించి కూడా రాశాను, అన్నగారి చావు, సిరిమాను, అంతా గౌరవంగానే. నువ్వు చదివినా తప్పు పట్టలేవు. రెండు చోట్ల తప్ప.

సుత్తిగాడి నుంచి నిన్న జవాబు వచ్చింది. మర్యాదగా రాశాడు. చాలా బాగుంది, ఇంత మంచి ఆట ఎప్పుడూ వినలేదు, ఆ బొబ్బిలి ఏ బోర్డులో నడుస్తోంది, ఫోను నంబరు ఇవ్వగలవా, లోకల్ కాలేనా, అని.

ఏమని రాయమంటావు? మన బొబ్బిలి టెలిఫోన్ ఎక్స్ఛేంజి నంబరు ఇద్దామనుకున్నాను. ఇంకో వరస కూడా రాశాడు, అది చూశాక నాకు రాత్రంతా నిద్ర లేదు. ఈసారి తను ఆ రాజు పక్షమట. పేరు మార్చమని సిసాప్‌ని అడిగాడట. సిసాప్ సరేనన్నాడు. అంటే ఈ రాత్రి నుంచి ఆ సత్రంలో నిజంగానే ఒక విజయరామరాజు పడుకుంటాడు. కాన్సస్‌లో! నీకు ఒక సైనికుడు దొరికాడు, పండగ చేసుకో. వాడికి నువ్వో ఉత్తరం రాస్తే ఇక్కడ అచ్చుకొట్టి పెడతాను, కానీ మెస్సు పప్పు సంగతి ఎత్తకూడదు, ఆ ఆకుపచ్చ చొక్కా సంగతి అసలెత్తకూడదు.

ఇంకా వయొలెట్ గురించి రాయలేదు. దానికో కాయితం పడుతుంది. నువ్వు ఆ గజపతినగరం బస్సులో చేసినట్టే నేనూ... ఉండు, టైము చూసుకోలేదు. పన్నెండుకి మూడు నిమిషాలు. గంట కొట్టగానే లోపలుండాలి, లేకపోతే వాడు ముందు దూరతాడు, నేను నిన్న గది తీసుకోలేదు, మర్చేపోయాను. గుంటూరాయనా, ఫోను ముట్టుకోకు! మిగతాది రే

రింగవుతోంది

నీ బొబ్బిలి