మన తాతయ్య గురించి

అందరికీ నమస్కారం. తాతయ్య నిన్న తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారు. 86 ఏళ్లు, మంచాన పడి ఒక్క రోజు కూడా ఎవరిచేతా చేయించుకోలేదు. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన ఊళ్లను ముంచేసినప్పుడు అమ్మనీ పెద్దమావయ్యనీ చెరో భుజాన ఎత్తుకుని బడి డాబా మీదికి చేర్చి, మళ్లీ నీళ్లలోకి దిగి అమ్మమ్మను తెచ్చుకున్న మనిషి. గొడ్డూగోదా, గాదెలో ధాన్యం అన్నీ పోయాయి, పొలమంతా ఉప్పు పట్టింది, అయినా కౌలుకు చేసి ముగ్గురినీ చదివించారు. ఆయన జేబులో చిన్న డైరీ ఉండేది కదా, అందులో మనవలందరి హాల్‌టికెట్ నంబర్లు, అమ్మమ్మ బీపీ మాత్రల పేర్లు, అల్లుళ్ల డ్యూటీ టైములు కూడా ఉన్నాయి. పెద్దకర్మ ఊళ్లోనే, పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. అమ్మమ్మకు రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేయండి, ఆయన పాత ఫోటోలుంటే ఇక్కడ పెట్టండి.